వాయవ్యం గది

పొంగిన పాలగిన్నెని పొయ్యి మీంచి దించి, అనంతలక్ష్మి గారు తిన్నగా తీసుకెళ్ళి షాంపేన్ రంగు మీద పెట్టేశారు.

షాంపేన్ రంగంటే, కొత్తింటి కిటికీల కోసం డీలర్ ఇచ్చిన శాంపిల్ ముక్క. అల్యూమినియం, మెటాలిక్ ఫినిష్. సిల్వరూ, కాపరూ, డార్క్ బ్రాంజూ అని అలాంటివి ఓ గుప్పెడు, నెల్లాళ్ళుగా వంటింటి గట్టు మీద పడున్నాయి. సింక్ దగ్గర అంట్లు తోముతున్న గీతాంజలి చూస్తూనే ఉంది. "అది గిన్నెలు పెట్టుకునేది కాదత్తయ్యా" అందామని నోటిదాకా వచ్చింది గానీ, ఆ తర్వాత మాట్లాడాల్సిన మాటలన్నీ తలుచుకునేసరికి నీరసం వచ్చింది. అదేమిటో చెప్పాలి, ఎందుకు పెట్టకూడదో చెప్పాలి, "నాకేం తెలుసమ్మా మీ అమెరికా వస్తువులూ" అని అత్తగారు మొహం చిన్నబుచ్చుకుంటే మళ్ళీ తనే బుజ్జగించాలి. దానికంటే ఆ ముక్క మాడిపోవడమే నయం. అయినా మాడదు. ఆ పూత ఎంత వేడికి తట్టుకుంటుందో ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసంటే గీతాంజలికే తెలుసు.

తెలియకేం! ఆమెకి తిండి పెట్టే ఉద్యోగమే అది. పెళ్ళయి వచ్చిన కొత్తలో డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత కడుపుతోనే ఇక్కడ మాస్టర్స్ చదివి, ఇప్పుడు డెట్రాయిట్ పక్కన కార్లకి రంగులు తయారుచేసే కంపెనీలో సీనియర్ ఇంజినీరు. కారు తలుపుకీ బంపర్‌కీ ఒకే డబ్బాలోని మెటాలిక్ రంగు వేసినా, ఎండలోకి తీసుకెళ్ళేసరికి రెండూ రెండు రకాలుగా ఎందుకు కనిపిస్తాయో కనిపెట్టి, ఆ తేడా పోగొట్టడం ఆమె పని. రంగులో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. అవి ఎలా పడుకున్నాయన్న దాన్ని బట్టి, ఎదురుగా నిలబడి చూస్తే మెరుపు, పక్కకి జరిగి చూస్తే నలుపు. ఇలాంటి సంగతులు చెప్తుంటే ఆమె మొహంలో అలసట కాసేపు ఎక్కడికో పోతుంది. కానీ వినేవాళ్ళేరీ?

తాముంటున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే స్థలం కొని, సొంతంగా ఇల్లు కట్టించుకుందామనుకున్న రోజున భర్త చక్రధర్ పనులు పంచాడు. బిల్డరూ, బ్యాంకూ తను చూస్తాడు. "ఫినిషెస్ అన్నీ నువ్వు చూసుకో గీతా. రంగులే కదా, ఆడవాళ్ళకి బాగా తెలుస్తాయి." ఎంత తేలిగ్గా అనేశాడో! పదిహేనేళ్ళ ఉద్యోగం, ఆ చదువు, ల్యాబ్‌లో ఆ ఘాటు వాసన పీల్చిన రోజులు, అన్నీ పోయి చీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క వెతికే నేర్పుగా తేలాయి. నవ్విందామె. నవ్వకపోతే మళ్ళీ "జోక్ కూడా అర్థం కాదా" అంటాడు.

పోనీ అలాగే అనుకున్నా, చూసుకోవడమంటే నిర్ణయించడం కాదని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. డీలర్‌కి ఫోన్లు చెయ్యడం, శాంపిల్స్ తెప్పించడం, శనివారం షోరూమ్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఆ శనివారానికి శుక్రవారమే వంట చేసిపెట్టుకోవడం, ఇదంతా ఆమె చూసుకోవాలి. ఏ రంగన్నది మాత్రం చక్రధర్ ఫ్రెండ్స్ చూసుకుంటారు. శాంపిల్స్‌ని గ్రానైట్ గట్టు మీద వెల్లకిలా పరిచి, పైనుంచి ఫోటో తీసి, మగవాళ్ళ వాట్సప్ గ్రూపులో పోల్ పెట్టాడు. వర్జీనియాలో, షాంటిలీలో ఉన్నవాడొకడు మా ఇంటికి షాంపేనే వేశాం బ్రో అన్నాడట, అంతే, ఓట్లన్నీ అటే పడ్డాయి. "పడుకోబెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? కిటికీ గోడకి నిలబడి ఉంటుంది కదా" అని గీతాంజలి అంటే, "నువ్వు ప్రతిదీ ఆఫీసు పని చేస్తావ్" అన్నాడు.

ఏం చేస్తుంది? పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ దారిలో స్థలం దగ్గర ఆగేది. మార్చి నెల, కరిగీ కరగని మంచు, బూట్లు బురదలో దిగబడేవి. ముక్కల్ని కంచెకి ఆనించి నిలబెట్టి, ఎదురుగా ఓసారీ పక్కనుంచి ఓసారీ చూసేది. సాయంత్రం వెళ్ళి మళ్ళీ చూసేది. షాంపేన్ మబ్బు రోజున బురద నీళ్ళ రంగులోకి దిగిపోతోంది. సిల్వర్‌ని చూసి మామగారు ముందే "స్టీలు గిన్నెల కొట్టులా ఉందమ్మా" అన్నారు. డార్క్ బ్రాంజ్ ఒక్కటే ఏ వెలుతురులోనైనా నిలబడింది. ఇంకోటి కూడా ఆమెకే తట్టింది. కిటికీలు ఒక చోట, తలుపులు ఇంకో చోట తయారవుతాయి. విడివిడిగా పూత వేస్తే ఒకే గోడ మీద రెండు రంగుల్లా కనబడతాయి, అన్నీ ఒకేసారి ఒకే చోట పూత వెయ్యాలి. షోరూమ్‌లో ఆ సంగతి అడిగితే, సేల్స్‌మన్ కెవిన్ కళ్ళు పెద్దవి చేసి, "చాలా మంచి ప్రశ్న సర్" అన్నాడు, చక్రధర్ వైపు తిరిగి. చక్రధర్ తల పంకించాడు కూడా.

ఆ తర్వాత వారం ఇంట్లో ఫ్రెండ్స్‌కి డిన్నర్ పెట్టుకుంటే, హాల్లోంచి భర్త గొంతు వంటింట్లోకి వినిపిస్తోంది. "మెటాలిక్ అంటే ఊరికే కాదు జితేందర్. నిలబెట్టి చూడాలి. యాంగిల్ మారితే కలర్ మారుతుంది. అందుకే డార్క్ బ్రాంజ్ ఫిక్స్ చేశా. డోర్సూ విండోసూ ఒకే బ్యాచ్‌లో కోటింగ్ చేయించాలి, లేకపోతే మ్యాచ్ కావు." "అబ్బ, మస్తు రీసెర్చ్ చేసినవ్ అన్నా!" అన్నాడు జితేందర్. గీతాంజలి నూనెలో పూరీ తిరగేసింది. కోపం రాలేదామెకి. ఆఫీసులోనూ అంతే. ఆమె మీటింగ్‌లో చెప్పిన మాట, పది నిమిషాలు పోయాక బల్లకి అవతల కూర్చున్నాయన చెప్తాడు, అప్పుడు అందరికీ అర్థమవుతుంది. మేనేజర్ ఆమెతో "నీ కన్ను మంచిది" అంటాడు. చదువు అనడు, కన్ను అంటాడు. ఎప్పుడూ వినే మాటలకి కోపం తెచ్చుకోవాలన్నా ఓపిక ఉండాలి కదా, ఆ ఓపికే లేదు.

ఆమెకి ఉన్నదల్లా కారు. ఆఫీసునుంచి వచ్చి, గరాజ్ తలుపు వెనక దిగిపోయాక, ఇంజిన్ ఆపేసి కాసేపు అలాగే కూర్చునేది. పాటలు పెట్టుకోదు. ఫోన్ చూడదు. చీకట్లో, సీటు బెల్ట్ కూడా తియ్యకుండా, ఎవరూ ఏదీ అడగని ఆ కాసేపూ ఊపిరి పీల్చుకునేది. అది పెద్ద సుఖమేం కాదు. కానీ రోజు మొత్తంలో ఆమెది అనుకోవడానికి అదొక్కటే ఉంది.

అదీ పోయింది. ఒకరోజు పదకొండో క్లాసు కూతురు అనుష్క ఛార్జర్ కోసం గరాజ్‌లోకి వచ్చి జడుసుకుంది. "అమ్మా! డార్క్‌లో ఎందుకు కూర్చున్నావ్? దట్స్ సో వియర్డ్." పిల్ల మనసులో ఏమీ లేదు, రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూ అందరికీ చెప్పింది. చక్రధర్ కూడా నవ్వాడు. "ఇంట్లో ఇన్ని రూములుంటే కార్లో కూర్చోవడమేంటి గీతా?" "మా మొహాలు చూడాలంటే విసుగేమోరా" అన్నారు అనంతలక్ష్మి గారు, నవ్వుతూనే. మర్నాటినుంచి గరాజ్ తలుపు చప్పుడైతే చాలు, ఆవిడ ఇంటి వైపు తలుపు తెరుచుకుని, లైటు వేసి, ఎదురొచ్చి నిలబడేవారు. "వచ్చావా అమ్మా! నువ్వొస్తే కలిసి తాగుదామని ఇంకా టీ పెట్టలేదు." ప్రేమే అది. కాదనడానికి లేదు. కాకపోతే ఆ టీ పెట్టాల్సింది గీతాంజలి.

అందుకే ఆ గది.

ప్లాన్ గీస్తున్నప్పుడు ఆమె అడిగింది అదొక్కటే. ఇంటి వెనక వైపు, లాండ్రీకి ఆనుకుని, వాయవ్యం మూల చిన్న గది ఉంది. దాని మీద ఆర్కిటెక్టు ఫ్లెక్స్ రూమ్ అని రాశాడు. అంటే ఎవరికి ఏది కావాలంటే అది చేసుకోవచ్చునని. పడమటి గోడకి ఒక కిటికీ, దాని అవతల ఎవరూ కొట్టకుండా మిగిల్చిన నాలుగు తెల్ల బెరడు బర్చి చెట్లు. "ఇది నాకు కావాలి" అంది. "దేనికి?" అన్నాడు చక్రధర్. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు పాపం. కుట్టుమిషన్ కోసమనో, యోగా కోసమనో చెప్పి ఉంటే సులువుగా ఉండేది. ఒక కుర్చీ వేసుకుని, తలుపేసుకుని, ఊరికే కూర్చోవడానికి అని ఎలా చెప్పడం? "ఊరికే" అంది. "ష్యూర్, ఇది నీ రూమ్" అని పెన్సిల్‌తో ఆ గడిలో జీ అని రాశాడు. అక్కడే ఉన్న అత్తగారు ఆశ్చర్యపోయారు. "నీకు విడిగా గదెందుకమ్మా, ఇల్లంతా నీదే కదా!"

ఇల్లంతా ఆమెదే. నిజమే మరి. ఏ గదిలో ఏ బల్బు పోయిందో ఆమెకే తెలుసు. ఏ బాత్రూంలో టిష్యూ అయిపోయిందో ఆమెకే తెలుసు. ఇల్లంతా ఆమెది కాబట్టే ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు వచ్చి, అది ఎక్కడుంది, ఇది ఎక్కడుంది అని అడుగుతారు. కుర్చీలో వీపు ఆనించేలోపే లేవాలి.

ఇక ఆర్డర్ పెట్టాలి. మెటాలిక్ పూత ప్రత్యేకంగా వేయించేది కాబట్టి, సంతకం పెట్టాక మార్పులుండవని కెవిన్ ముందే చెప్పాడు. శుక్రవారం వెళ్ళి సంతకం పెట్టాలనగా, గురువారం సాయంత్రం మామగారు భీమశంకరం గారు డైనింగ్ టేబుల్ మీద ప్లాన్ పరిచి ఎర్ర పెన్సిల్ పట్టుకున్నారు. రోడ్లూ భవనాల శాఖలో ఇంజినీరుగా రిటైరైన మనిషి, గోదావరి కాలవల మీద వంతెనలు కట్టించారు. అమెరికా వచ్చినప్పట్నుంచీ ఆయనకి పట్టుమని ఓ పని దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఇంటికి తలుపులూ కిటికీలూ కలిపి సరిసంఖ్యలో ఉండాలి, చివర సున్నా రాకూడదు. అది లెక్కపెట్టాలి.

లెక్కపెట్టడం అంత తేలికేం కాదు. వెనక డెక్ మీదికి జరిపే అద్దాల తలుపు ఒకటా, రెండా? గరాజ్ తలుపు లెక్కలోకి వస్తుందా, అది ఇంటిదా, కారుదా? బేస్‌మెంట్‌లో నేల కిందున్న కిటికీ కిటికీయేనా? రాజమండ్రి సిద్ధాంతి గారికి వీడియో కాల్ చేశారు. అక్కడ తెల్లవారుజాము, ఆయన కండువా సర్దుకుంటూ కనబడ్డారు. జరిపేది ఒకటే, గరాజ్ లెక్క లేదు, బేస్‌మెంట్ లెక్కే అని తేల్చారు. అన్నీ కలిపితే ముప్పై మూడు.

"బేసి వచ్చిందిరా" అన్నారు భీమశంకరం గారు, గుండె ఆగినట్టు.

"ఒకటి తీసేస్తే సరిపోతుంది నాన్నా" అన్నాడు చక్రధర్.

ఏది తియ్యాలి? ఎర్ర పెన్సిల్ ప్లాన్ మీద బయల్దేరింది. పడగ్గదుల్లో తియ్యడానికి వీల్లేదు, నిప్పు అంటుకుంటే దూకడానికి కిటికీ ఉండాల్సిందేనని ఇక్కడి చట్టం. ఈశాన్యంలో పూజగది, దేవుడికి వెలుతురు కావాలి. వంటింట్లో తీస్తే తాలింపు పొగ ఎటు పోతుందని అనంతలక్ష్మి గారు అడ్డొచ్చారు. చక్రధర్ తన ఆఫీసు గది మీద చెయ్యి పెట్టి, "ఇది కాదు నాన్నా, వీడియో కాల్స్‌కి నాకు లైట్ కావాలి" అన్నాడు. అనుష్క సోఫాలోంచే "నాట్ మై రూమ్!" అని అరిచింది. పెన్సిల్ అన్ని గదులూ చుట్టి చుట్టి, చట్టమూ అడగని, శాస్త్రమూ అడగని, మనిషన్నవాళ్ళెవరూ అడ్డుపడని చోటు చూసుకుని ఆగింది.

"ఇది ఏం గదిరా?"

"అదా, ఫ్లెక్స్ రూమ్. దానికి విండో లేకపోయినా ఏం కాదు. కాస్ట్‌కో సరుకులు, బియ్యం బస్తాలు, మీ సూట్‌కేసులు పెట్టుకోవచ్చు."

గీతాంజలి అప్పుడు ప్లాన్ పక్కనే ఉన్న మామగారి కంచంలో పెరుగు వడ్డిస్తోంది. ఆ గడిలో జీ అన్న అక్షరం ఇంకా ఉంది, పెన్సిల్ గీత కాబట్టి కాస్త చెదిరిందంతే. "అది నా గది" అంది. గరిటె చేతిలో ఉండగా అన్నందువల్లో ఏమో, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకోసారి అంది. "అది నాకిస్తానన్నారు కదండీ."

అత్తమామలు వచ్చి ఉన్నన్నాళ్ళూ ఆమె భర్తని మీరు అంటుంది. వాళ్ళు విమానం ఎక్కిన రాత్రి మళ్ళీ నువ్వు అవుతాడు. ఎవరూ పెట్టమనలేదు ఆ పద్ధతి, ఆమే పెట్టుకుంది, వాళ్ళు నొచ్చుకుంటారని.

"నీ రూమే, ఎవరు కాదన్నారు?" అన్నాడు చక్రధర్. "మంచి ఎల్ఈడీ లైట్లు పెట్టిద్దాం. పగటికంటే ఎక్కువ వెలుతురొస్తుంది."

"కిటికీ లేకపోతే అది స్టోర్‌రూమే అవుతుంది. ముందు ఒక బియ్యం బస్తా వస్తుంది, తర్వాత అన్నీ వస్తాయి."

"గీతా, ప్లీజ్. నౌ ఈజ్ నాట్ ద టైమ్" అన్నాడు గొంతు తగ్గించి. తల్లిదండ్రులకి తెలియకూడదనుకున్నవన్నీ ఇంగ్లీషులో చెప్తాడు, వంతెనలు కట్టించిన మనిషికి ఆపాటి ఇంగ్లీషు రానట్టు.

భీమశంకరం గారికి ఇబ్బందిగానే అనిపించింది. మంచాయనే, కోడల్ని ఒక్క మాట అని ఎరగరు. ఆ ఇబ్బందిలో శాస్త్రం చెప్పడం మొదలుపెట్టారు. "తలుపయితే ఉచ్చమా, నీచమా అని చూసుకోవాలమ్మా. కిటికీ కాబట్టి తీసేసినా దోషం లేదు. నిజానికి ఈ చోటు మంచిదే. పడమటి గోడకి వాయవ్యం వైపు ఉచ్చం, ఇక్కడ తలుపయినా పెట్టుకోవచ్చు. కాకపోతే అవసరం లేదు కదా." అని ఆ కిటికీ మీద ఇంటూ మార్కు వేశారు. అనంతలక్ష్మి గారు ఆమె మోచెయ్యి నిమిరారు. "చిన్న గది కోసం మనసు కష్టపెట్టుకోకమ్మా. ఇల్లంతా నీదే కదా." గీతాంజలి పెరుగు గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ రాత్రి ఆమె ఏడవలేదు. అంట్లు మెషీన్‌లో సర్ది, రేపటికి మినప్పప్పు నానబోసి పడుకుంది.

పొద్దున్న చక్రధర్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా చెప్పాడు. "నాకివాళ సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, రాలేను. నువ్వెళ్ళి సైన్ చేసేసి రా. ఆ విండో డిలీట్ చేయించడం మర్చిపోకు."

సెలవు పెట్టింది ఆమె. ఆమె పనికి రిలీజులుండవు కదా మరి!

షోరూమ్‌కి తిన్నగా వెళ్ళాల్సింది, స్థలం దగ్గర ఆగింది. పునాది పోసి, బేస్‌మెంట్ మీద చెక్క నేల పరిచి ఉంది, వచ్చే వారం కర్ర ఫ్రేమ్ నిలబెడతారు. ఆ నేల మీద గోడలు వచ్చేచోట నీలం రంగు గీతలు కొట్టి ఉన్నాయి. ముందు గుమ్మం గీత దాటి, హాలు, వంటిల్లు, లాండ్రీ అన్నీ నడుచుకుంటూ వెళ్ళి ఆ చిన్న చదరంలో నిలబడింది. పైకప్పు లేదు, గోడల్లేవు, ఎదురుగా బర్చి చెట్లు, నేల మీద అక్కడక్కడ మంచు. ఎవరూ పిలవడం లేదు. ఎంత బాగుందో! అంత బాగుండేసరికి భయం వేసింది. ఇక్కడ గోడ లేస్తుంది. బియ్యం బస్తాలొస్తాయి. ఆ ఎల్ఈడీ లైటు కింద, సూట్‌కేసుల మధ్య, తను ఏ చింతపండు ప్యాకెట్టో వెతుక్కుంటూ ఉంటుంది, బయటినుంచి ఎవరో "గీతా, ఎక్కడున్నావ్?" అంటారు. ఇంకో ఇరవై ఏళ్ళు. ఈ కిటికీ పోతే తను ఇంక దేనికోసమూ నోరు తెరవదని ఆమెకి ఖాయంగా తెలిసిపోయింది. అడగడం కూడా అలవాటుగా మానేస్తారు మనుషులు, మెల్లగా, ఎవరూ గమనించకుండా.

ఇన్నాళ్ళూ జరిగిన తప్పు, అడగడంలోనే ఉంది అనిపించిందామెకి. అడిగింది కాబట్టే ఇచ్చారు, ఇచ్చారు కాబట్టే వెనక్కి తీసుకున్నారు. ఆమె అక్కడే నిలబడి బిల్డర్ స్కాట్‌కి ఫోన్ చేసింది. ఫలానా గోడలో, కిటికీ పక్కన, బయటికి ఒక తలుపు కావాలి, కుదురుతుందా? కుదురుతుందన్నాడు. ఫ్రేమ్ ఇంకా మొదలవలేదు కాబట్టి డ్రాయింగ్ మార్చి ఇస్తే చాలు, వచ్చే వారమైతే కష్టం. ఆగి అడిగాడు, "చక్‌కి ఓకేనా?" చక్రధర్ ఇక్కడివాళ్ళకి చక్.

"ఇల్లు నా పేరు మీద కూడా ఉంది స్కాట్" అంది.

"అఫ్‌కోర్స్, అఫ్‌కోర్స్" అన్నాడతను. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ అణుచుకుని కారెక్కింది.

షోరూమ్‌లో కెవిన్ ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసి, రాలేదని తేలాక కూర్చోమన్నాడు. డార్క్ బ్రాంజ్, అన్నీ ఒకేసారి పూత. ఆమె దగ్గరుండి ఆ మాట ఆర్డర్‌లో రాయించింది. "ఒక కిటికీ తీసెయ్యమని నిన్న మీ హస్బెండ్ ఈమెయిల్ పెట్టారు" అన్నాడు. "తియ్యద్దు. దాని పక్కన ఒక తలుపు కలపండి" అంది. కొలతలు చెప్పింది. సగం పైన అద్దం, రంగు అదే. కెవిన్ టైప్ చేస్తుండగా ఫోన్ మోగింది. చక్రధర్. స్పీకర్ పెట్టినట్టున్నాడు, వెనకాల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"అయిందా? నాన్న అడుగుతున్నారు."

"లెక్క ఎంతొచ్చిందమ్మా?" భీమశంకరం గారి గొంతు, ఆత్రంగా.

"ముప్పై నాలుగు మామయ్యగారూ."

"నాలుగా? రెండు కదమ్మా రావాలి?"

"కిటికీ ఉంచాను. పడమటి గోడకి, వాయవ్యం వైపు, ఒక తలుపు కలిపాను. సరిసంఖ్యే, చివర సున్నా లేదు. అక్కడ తలుపు పెట్టుకోవచ్చని మీరే చెప్పారు కదా."

పెద్దాయన మనసులో లెక్క సరిచూసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. తను నమ్మిన శాస్త్రం, తనే చెప్పిన మాట, ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. "ఉచ్చమేరా" అన్నారు చివరికి, కొడుకుతో. "దోషం లేదు."

"దోషం సంగతి కాదు నాన్నా" అన్నాడు చక్రధర్. గొంతు మారింది. "బయటికి తలుపా? ఆ రూమ్‌కి? ఎవర్నడిగి పెట్టావ్ గీతా?"

ఇదే ఆ క్షణం. ఇన్నేళ్ళూ వీళ్ళ ముందు ఇలాంటి చోటే ఆమె "అది కాదండీ" అని మొదలుపెట్టి, కారణాలు చెప్పి, కారణాలు చాలక, సరేలెండి అని ముగించేది. ఇప్పుడూ కారణం చేతిలోనే ఉంది, లెక్క కుదిరింది, దాని వెనక దాక్కోవచ్చు. కానీ దాక్కోవడానికీ ఓపిక లేదామెకి. ఆ అలసటే ఇవాళ సాయం చేసింది.

"ఎవర్నీ అడగలేదు. నాకు కావాలి, పెట్టించుకున్నాను. నువ్వు నీ రిలీజ్ చూసుకో."

నువ్వు అంది. అత్తమామలు వింటున్నారని తెలిసే అంది. స్పీకర్‌లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చక్రధర్ "ఇంటికి రా, మాట్లాడదాం" అన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకుంది. ఎవరో ఆ ఫోన్ తీసుకున్నట్టున్నారు, స్పీకర్ ఆపిన చప్పుడు, నడుస్తున్న చప్పుడు, ఆ తర్వాత అనంతలక్ష్మి గారి గొంతు, బాగా చిన్నగా.

"అమ్మాయ్, ఆ గదికి లోపలివైపు గడియ ఉంటుందా?"

ఎందుకడిగారో గీతాంజలికి అర్థం కాలేదు. ఎత్తిపొడుపేమో అనుకుంది. కాదు. యాభై ఏళ్ళు ఇల్లంతా తనదే అయిన మనిషి గొంతు అది.

"ఉంటుంది అత్తయ్యా" అంది.

"ఆఁ. సరేలే" అని ఆవిడ పెట్టేశారు.

కెవిన్ కీబోర్డ్ మీద వేళ్ళు ఆపి మర్యాదగా గోడ వైపు చూస్తున్నాడు. భాష రాకపోయినా ఏదో జరిగిందని తెలిసినట్టుంది. గొంతు సవరించుకుని ఆఖరి ప్రశ్న అడిగాడు. బయటి తలుపులన్నిటికీ కలిపి ఒకే తాళంచెవి పెట్టేస్తామనీ, ఇంట్లో అందరికీ అదే ఇస్తారనీ, అందరూ అలాగే చేయించుకుంటారనీ చెప్పాడు. మీకూ అంతేనా?

"మిగతావాటికి అంతే" అంది గీతాంజలి. "ఈ తలుపుకి వేరే తాళం."

"ష్యూర్. దానికి రెండు కీస్ వస్తాయి. ఒకటి మీకు, ఒకటి చక్‌కి..."

"రెండూ నాకే" అని, ఆమె సంతకం పెట్టింది.